లెక్క తప్పేది ఎక్కడ?
పరభాషా బడిలో తెలుగు పిల్లలు, గణితం, ఆన్‌లైన్ పాఠాలు

2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షల మంది. వీరిలో కోలారు, బళ్లారి, హోసూరు, బరంపురం, రాయగడ, షోలాపూరు, సిరొంచ వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడినవారి సంఖ్య చిన్నది కాదు. ఈ కుటుంబాల పిల్లలు ఎక్కువమంది చదివేది ప్రభుత్వ పాఠశాలల్లో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. వీరిలో చాలామందికి మొదట అంటే ముద్ర ఒకటే: "లెక్కల్లో మందం."

సంతలో కూరగాయలు అమ్మే తల్లి పక్కన కూర్చుని యాభై రూపాయల నోటుకు చిల్లర తప్పులేకుండా లెక్కకట్టే పిల్లవాడు బడిలో అదే తీసివేతను పలకమీద తప్పుతాడు. వాడికి లెక్క రాకపోవడం దీనికి కారణం కాదు. ఒక భాషలో తెలిసిన లెక్కను మరొక భాష పేర్లలోకి, అక్కడినుంచి అంకెల్లోకి మార్చుకోవాలి. ఆ దారిలో ఎక్కడో అడుగు తప్పుతుంది. ఎక్కడ తప్పుతున్నదో తెలిస్తే సరిదిద్దడం కష్టం కాదు. ఆన్‌లైన్ పాఠాలు ఇందుకు ఎంతవరకు పనికివస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది కూడా అప్పుడే తేలుతుంది. ఈ వ్యాసం ఉద్దేశం ఆ చోట్లను ఒక్కొక్కటిగా చూపడం.

గణితానికీ ఒక భాష

"గణితం అంకెలతో నడుస్తుంది, దానికి భాషతో పనేముంది?" అని చాలామంది అనుకుంటారు. 1974లో నైరోబీలో భాషాశాస్త్రానికీ గణిత బోధనకూ ఉన్న సంబంధంపై యునెస్కో ఒక సదస్సు జరిపింది. అందులో హాలిడే అనే భాషాశాస్త్రవేత్త, గణితం ప్రతి భాషలోనూ తనదైన ఒక వ్యవహార శైలిని ఏర్పరచుకుంటుందని వివరించాడు. పారిభాషిక పదాల పట్టికతోనే ఆ శైలి పూర్తికాదు. ఒక విషయాన్ని మరొకదానితో పోల్చే తీరు, "కంటే", "చొప్పున", "లోనుంచి" వంటి చిన్న మాటల వాడకం, వాక్యంలో పదాల వరుస అన్నీ అందులో భాగమే.

తెలుగుకు ఈ శైలి కొత్తదేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహం'ను పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కన్నడ దేశంలో పుట్టిన సంస్కృత గణితం తెలుగులోకి వచ్చి శతాబ్దాలు గడిచాయి. భాషల మధ్య లెక్కలు ప్రయాణం చేయడం మనకు అలవాటైన సంగతే. బడిలో పిల్లవాడు కూడా రోజూ అటువంటి ప్రయాణమే చేస్తున్నాడు, కాని వాడికి దారి చూపేవారు లేరు.

మొదటి మలుపు: సంఖ్యల పేర్లు

తెలుగులో పదుల పేర్లను పాత రూపాల్లో ఒకసారి పలికి చూడండి: ఇరువది, ముప్పది, నలుబది, ఏబది, అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది. ప్రతి మాట చివర 'పది' స్పష్టంగా ఉంది. ముప్పది అంటే మూడు పదులు, నలుబది అంటే నాలుగు పదులు. డెబ్బదిలోని 'ఏడు' వర్ణవ్యత్యయం వల్ల మారువేషం వేసుకున్నా అక్కడే ఉంది. ఈనాటి ఇరవై, ముప్పై, నలభై రూపాల్లో ఈ 'పది' అరిగిపోయి కనిపించదు. ఒకసారి విడదీసి చూపితే పిల్లలకు వెంటనే తెలుస్తుంది. పైగా 'ఇరవై మూడు' అన్నప్పుడు మనం పలికే వరుస, 23 అని రాసే వరుస ఒకటే: ముందు పదులు, తరువాత ఒకట్లు.

మరాఠీలో 23ను 'తేవీస్' అంటారు, అంటే మూడు ముందు, ఇరవై తరువాత. 29ని 'ఏకోణతీస్' అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఒడియాలో 23 'తేఇశ', 29 'అణతిరిశ'. ఇక్కడా పద్ధతి అదే. షోలాపూరులోనో బరంపురంలోనో తెలుగు పిల్లవాడు ఇంట్లో 'ఇరవై మూడు' విని, బడిలో మూడుతో మొదలయ్యే పేరు విని 32 అని రాస్తే వాడి చెవి సరిగానే పనిచేసిందన్న మాట. విన్న వరుసలోనే రాశాడు. 'ఏకోణతీస్'లో ముప్పై వినబడింది కనుక 31 అనో 39 అనో రాసినా కారణం అలాంటిదే.

ఈ సమస్య తెలుగు పిల్లలకు మాత్రమే పరిమితం కాదు. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో 'ఏకవీస్'తో పాటు 'వీస్ ఏక్' అనే రీతిని కూడా ఇచ్చింది. గణితవేత్త మంగళా నార్లీకర్ ఆ గణిత సమితికి అధ్యక్షురాలు. పదుల పేరు ముందు పలికితే చిన్నపిల్లలకు సంఖ్య రాయడం సులువవుతుందన్నది ఆలోచన. దక్షిణాది భాషల్లో ఉన్న పద్ధతి ఇదే. దీనిపై రాష్ట్రంలో పెద్ద వివాదం చెలరేగింది, మరాఠీ భాషకు హాని జరుగుతుందని చాలామంది ఆందోళన చెందారు. భాషాభిమానం మాట ఎలా ఉన్నా, అక్కడి నిపుణులు కావాలనుకున్న సౌలభ్యం తెలుగు పిల్లవాడి నోట పుట్టుకతోనే ఉంది. దాన్ని బడి వాడుకోవడం లేదు.

తమిళం, కన్నడం మనకు సోదర భాషలు. వీటిలోనూ పదులు ముందే వస్తాయి. అయినా ఒక మెలిక ఉంది. తమిళంలో 90ని 'తొణ్ణూఱు' అంటారు, 900ను 'తొళ్ళాయిరం' అంటారు. 'నూఱు' అంటే వంద, 'ఆయిరం' అంటే వెయ్యి. తొంబది, తొమ్మిది వందలు అని వినే తెలుగు పిల్లవాడు తమిళ తరగతిలో తొంభై దగ్గర వందను, తొమ్మిది వందల దగ్గర వెయ్యిని వింటాడు. అందువల్ల హోసూరు, తిరువళ్లూరు ప్రాంతాల్లో చిన్న తరగతులకు చెప్పేవారు 90, 900 దగ్గర ఒక నిమిషం ఆగడం మంచిది. కన్నడంలో 90 'తొంబత్తు', 900 'ఒంబైనూరు'. ఇక్కడ చిక్కు తక్కువ.

ఏ భాషలో చదివినా అందరికీ వచ్చే తప్పు మరొకటి ఉంది. 'నూట ఇరవై మూడు' విని 10023 అని రాయడం. మాటల్లో వంద, ఇరవై, మూడు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. రాతలో స్థానమే విలువను చెబుతుంది. పేర్లలో సున్న వినపడదు, రాతలో తప్పక కనబడాలి. 'నూట మూడు'లో పదులు లేవు కాబట్టి ఆ ఖాళీ చోట సున్న కూర్చుంటుంది. పుల్లలను పదేసి కట్టలుగా కట్టి, వంద, పది, ఒకటి గళ్లలో పెట్టించి, ప్రతి గడి కింద అంకె రాయిస్తే ఈ తప్పు క్రమంగా పోతుంది.

రెండో మలుపు: ఎక్కాలు

మన రెండో ఎక్కం 'రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు' అని నడుస్తుంది. ఈ 'రెళ్లు', 'మూళ్లు' బహువచన రూపాలని గమనించారా? 'రెండు మూళ్లు' అంటే మూడు రెండుసార్లు, అంటే 3+3. గుణకారం అంటే ఏమిటో మన వ్యాకరణమే చెబుతున్నది.

అదే ఎక్కాన్ని తమిళ పిల్లలు 'ఓరిరండు రెండు, ఈరిరండు నాలుగు, మూవిరండు ఆరు' అనే తీరులో చదువుతారు. 'మూవిరండు' అంటే రెండు మూడుసార్లు, అంటే 2+2+2. కన్నడ మగ్గిలో 'ఎరడు మూర్ల ఆరు', మరాఠీ పాఢాలో 'బే త్రిక్ సహా'. జవాబు అన్నిచోట్లా ఆరే. కాని మనసులో గీసుకునే బొమ్మ వేరు. ఒక వరుసకు మూడేసి చొప్పున రెండు వరుసలా, రెండేసి చొప్పున మూడు వరుసలా? ఎక్కం కంఠస్థం చేసే పిల్లవాడికి ఈ తేడా అడ్డురాదు. 'ఒక్కొక్కరికి మూడేసి చొప్పున ఇద్దరికి' అనే మాటల లెక్క వచ్చినప్పుడు మాత్రం తడబడతాడు. చింతగింజలతో రెండు బొమ్మలూ పేర్పించి, పలకను పక్కకు తిప్పి, రెండూ ఒకటేనని చూపితే చాలు. గుణకారంలో క్రమం మారినా ఫలితం మారదన్న సూత్రం కూడా పనిలో పనిగా తెలుస్తుంది.

మూడో మలుపు: భిన్నాలు

తెలుగులో 2/3ను 'మూడింట రెండు వంతులు' అంటాం. హారం ముందు పలుకుతాం, లవం తరువాత. తమిళంలో 'మూన్ఱిల్ ఇరండు', కన్నడంలో 'మూరనే ఎరడు'. ఇక్కడా వరుస ఇదే. కాని రాసేటప్పుడు పైన ఉండేది లవం. చదివించేటప్పుడు చాలామంది ఉపాధ్యాయులు 'టూ బై త్రీ' అంటారు. మరాఠీలో 'దోన్ ఛేద్ తీన్' అని లవంతోనే మొదలుపెడతారు. 'మూడింట రెండు' అని విన్న పిల్లవాడు పైనుంచి కిందికి 3/2 అని రాయడం సహజం.

ఈ తప్పును కొట్టివేసి ఊరుకోకుండా వాడుకోవచ్చు. 'మూడింట' అన్న మాటే ముందు పని ఏమిటో చెబుతున్నది: వస్తువును మూడు సమభాగాలు చెయ్యి. 'రెండు' తరువాతి పని చెబుతున్నది: అందులో రెండు తీసుకో. తెలుగు మాట చేసే పని వరుసను చెబుతుంది, గుర్తు రాసే చోటును చెబుతుంది. రొట్టెనో కాగితాన్నో విరిచి ఈ రెండు వరుసలనూ పక్కపక్కన చూపితే గందరగోళం తీరుతుంది.

ఇంటి లెక్కలో ఉన్న భిన్నాలు కూడా మనకు పెట్టుబడే. అర, పావు, ముప్పావు నేటికీ వాడుకలో ఉన్నాయి. పావులో పావు వీసం, అంటే 1/16. వీసంలో పావు కాని, అంటే 1/64. నాలుగేసి భాగాలుగా పోయే ఈ పాత లెక్కకు తెలుగు లిపిలో ప్రత్యేక చిహ్నాలు ఉండేవి, 2008లో అవి యూనికోడ్‌లో కూడా చోటు సంపాదించుకున్నాయి. పిల్లలకు ఈ చిహ్నాలు నేర్పాలని కాదు. 'పావులో పావు ఎంత?' అన్న ప్రశ్నతో భిన్నాల గుణకారం మొదలుపెట్టవచ్చు.

నాలుగో మలుపు: పరిభాష

మన లవం, హారం ఒడియాలో లబ, హర. కన్నడ, మరాఠీల్లో అంశ, ఛేద. తమిళంలో తొగుది, పగుది. మన క.సా.గు. కన్నడంలో ల.సా.అ., మరాఠీలో ల.సా.వి., ఒడియాలో ల.సా.గు. మనకు వర్గం అంటే ఒక సంఖ్యను దానితోనే గుణించగా వచ్చినది. ఒడియాలో నాలుగు సమాన భుజాల ఆకారం పేరులో కూడా 'వర్గ' ఉంటుంది. మనకు అది చతురస్రం. ఒకే సంస్కృత పదం వేర్వేరు చోట్ల వేర్వేరు అర్థాల్లో స్థిరపడితే, తెలిసిన మాటే కదా అని పిల్లవాడు మోసపోతాడు.

మాటల లెక్కల్లో పోలికలు మరింత జాగ్రత్తగా చెప్పాలి. 'సీత దగ్గర 12 గోళీలు ఉన్నాయి. రాము దగ్గర ఉన్నవాటి కంటే ఇవి 5 ఎక్కువ. రాము దగ్గర ఎన్ని?' 'ఎక్కువ' అన్న మాట పట్టుకుని పిల్లలు 17 అంటారు. సరైన జవాబు 7. ఇక్కడ తప్పు కూడికలో లేదు, వాక్యాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. పరభాషలో ఇదే వాక్యం వింటే చిక్కు రెట్టింపవుతుంది. లెక్క చేసే ముందు దాన్ని ఇంటి భాషలో తన మాటల్లో చెప్పమంటే సగం పని అయిపోతుంది.

తెరమీది పాఠం ఏమి చేయగలదు?

2017 సెప్టెంబరు 5న కేంద్రప్రభుత్వం 'దీక్ష' వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుకు చూపితే పాఠం తెరమీదికి వస్తుంది. తమిళనాడు 2019 ఆగస్టులో కల్వి టీవీని మొదలుపెట్టింది. బడులు మూతపడిన 2020లో 'పి.ఎం. ఇ-విద్య' వచ్చింది, తరగతికి ఒక చానెల్ చొప్పున 12 చానెళ్లతో. ప్రాంతీయ భాషల్లో పాఠాలు ఇచ్చేందుకు వాటిని 200కు పెంచుతామని 2022 బడ్జెట్‌లో ప్రకటించారు. కాబట్టి పాఠాలకు కొరత లేదు.

అందుబాటు మాత్రం వేరే సంగతి. 2023-24 యుడైస్ ప్లస్ వివరాల ప్రకారం దేశంలో పనిచేసే కంప్యూటర్లు ఉన్న పాఠశాలలు సుమారు 57 శాతం, అంతర్జాలం ఉన్నవి సుమారు 54 శాతం. గ్రామీణ ప్రాంతాలలో జరిపిన అసర్ 2024 సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం తెలుసు. వారిలో ముందు వారం చదువు కోసం దాన్ని వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. అదే సర్వేలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం, ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం. ఇవి 2022 కంటే మెరుగే, అయినా ముగ్గురిలో ఇద్దరు ఇంకా వెనుకబడే ఉన్నారు.

తెరమీది పాఠానికి కొన్ని గుణాలు ఉన్నాయి. విసుగులేకుండా పదిసార్లు చెబుతుంది. కదిలే బొమ్మలో పది ఒకట్లు ఒక పదిగా మారడం చూపుతుంది. మన పిల్లలకు ముఖ్యమైన గుణం మరొకటి ఉంది: ఒకే విషయాన్ని రెండు భాషల్లో వినే వీలు కల్పిస్తుంది. కాని ఒక భాషలోని పాఠానికి రెండో భాష తెలియదు. పిల్లవాడు 32 ఎందుకు రాశాడో దానికి తెలియదు, తప్పు అని మాత్రం చెబుతుంది. 'తేవీస్ విని ముందు మూడు రాశావా?' అని అడగగలిగేది రెండు భాషలూ తెలిసిన మనిషి మాత్రమే. అందువల్ల పాఠం తెరమీద నడిచినా పక్కన ఒకరు కూర్చోవాలి. కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల్లో అక్షర ఫౌండేషన్ సహకారంతో నడిచిన 'గణిత కలికా ఆందోళన', తమిళనాడు 2022లో ప్రారంభించిన 'ఎణ్ణుం ఎళుత్తుం' వస్తువులకు, చేతిపనికి పెద్దపీట వేయడం ఈ దృష్టితో గమనించదగినది.

మీరు చేయగలిగినది

ఈ పుటలు చదివే విద్యార్థులలో చాలామందికి రెండు మూడు భాషలు వచ్చు. ఆ భాషాజ్ఞానమే ఇక్కడ కావలసిన పనిముట్టు. వారానికి రెండు గంటలు కేటాయించగలిగితే ఈ పనులు చేయవచ్చు.

ఒకటి, జంట పుస్తకాలు సంపాదించండి. కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల్లో తెలుగు మాధ్యమానికి కూడా గణిత పుస్తకాలు ఉన్నాయి. అవి కన్నడ, తమిళ పుస్తకాలకు అనువాదాలే కనుక రెంటినీ పక్కపక్కన పెడితే పాఠానికి పాఠం సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తరువాత తెలంగాణలోనూ ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను అనుసరించిన యానాం విద్యార్థులకు ఇవి పరిచితమే.

రెండు, తరగతికి నలభై యాభై మాటల చొప్పున ఒక పదపట్టిక తయారు చేయండి. బడి మాట, తెలుగు మాట, ఒక బొమ్మ, ఒక ఉదాహరణ. అర్థం మారే మాటలకు ప్రత్యేక గుర్తు పెట్టండి.

మూడు, పాఠం చూపే ముందు అందులో వచ్చే అయిదారు మాటలు రెండు భాషల్లో చెప్పండి. ఐదు నిమిషాలకోసారి ఆపి, 'ఇప్పుడు ఏమన్నారు?' అని తెలుగులో అడగండి. తరువాత బడి భాషలో చెప్పించండి. పరీక్ష రాయవలసింది ఆ భాషలోనే కనుక దీన్ని వదలకూడదు.

నాలుగు, తప్పుల పుస్తకం ఒకటి ఉంచండి. పిల్లవాడి పేరు అక్కర్లేదు. ఏ సంఖ్య ఏ భాషలో విన్నాడు, ఏమి రాశాడు అన్నది చాలు. నెల తిరిగేసరికి మీ ఊరి పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో కనిపిస్తుంది. దాన్ని ఆ బడి ఉపాధ్యాయుని ముందు వినయంగా పెట్టండి. ఆయనకు తెలుగు రాకపోవచ్చు. 32 వెనుక ఉన్న కారణం తెలిస్తే ఆయనే ఎక్కువ సంతోషిస్తారు.

ప్రాథమిక దశలో భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రం కృషి చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతున్నది. కనీసం ఐదో తరగతి వరకు, వీలైనంతలో ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటున్నది. ఈ హక్కుల కోసం అడగడం ఆపకూడదు. అయితే తెలుగు మాధ్యమం ఉన్న బడి దగ్గరలో లేని పిల్లవాడు ఈ సంవత్సరమే మూడో తరగతి చదువుతున్నాడు. తీర్పులు, ఉత్తర్వులు వచ్చేదాకా వాడి తీసివేత ఆగదు. వాడు ఇంటినుంచి తెచ్చుకున్న 'ముప్పది'లో మూడు పదులు ఉన్నాయని చెప్పడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. రెండు భాషలు తెలిసిన ఒక మనిషి వాడి పక్కన కూర్చుంటే చాలు.